నిన్నటి కూర కేసు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఘోరం. నిక్షేపంగా, నిలువెత్తుగా, చేతిలో ఫోనుతో పది మందికి పనులు పురమాయిస్తున్న ఒకావిడ ఇంటికి వెళ్ళి, ఆవిడ ఎదురుగానే కూర్చుని, ఆవిడ పోయినందుకు మేం విచారం వెలిబుచ్చి వచ్చాం. మేం అంటే నేను, మా అమ్మ, మా సైకాలజీ టీచరు. వాళ్ళిద్దరూ నన్ను నమ్మి వచ్చినవాళ్ళు కాబట్టి నేరమంతా నాది. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. ఎదుటి మనిషి మనసు నాకు గాజు గ్లాసులో మంచినీళ్ళలా కనబడుతుందని గట్టిగా నమ్మిన వయసు. సైకాలజీ పుస్తకంలో అప్పటికి నేను చదివింది మూడు పాఠాలు.

అసలు నేను పదకొండో తరగతిలో సైకాలజీ తీసుకుంటానన్నప్పుడే మా ఇంట్లో చిన్న సభ జరిగింది. విజయవాడలో పదో తరగతి పాసైన పిల్లలకి రెండే దారులు. ఇంజనీరింగ్ వైపు ఒకటి, మెడిసిన్ వైపు ఒకటి. నేను మూడో దారి ఉందనడం మా బంధువులకి కృష్ణా నది వెనక్కి పారుతోందని చెప్పినట్టు అనిపించింది.

"అయితే పిచ్చాసుపత్రిలో ఉద్యోగమన్నమాట," అన్నాడు బాబాయి, సానుభూతిగా.

మా నాన్నకి వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపు. ఆయన కోప్పడలేదు. "మనుషుల మనసు తెలుసుకోడానికి రెండేళ్ళెందుకమ్మా ప్రత్యూషా. పెళ్ళిళ్ళ సీజన్లో ఒక్క వారం వచ్చి మన కౌంటర్లో కూర్చో. నేనే సర్టిఫికెట్ ఇస్తాను," అన్నాడు. ఆ మాట వినుంటే నాకూ, ఇంకో కుటుంబానికీ చాలా మేలు జరిగేది.

బెంజ్ సర్కిల్ దగ్గర మా స్కూల్లో సైకాలజీ తీసుకున్నవాళ్ళం మొత్తం తొమ్మిది మందిమి. మా గది కెమిస్ట్రీ ల్యాబుకీ, మెట్లకీ మధ్య ఇరుక్కుని ఉండేది. మూడే బెంచీలు. ల్యాబులో వాళ్ళు ఏ వాయువు తయారు చేస్తే ఆ వాసన మాకొచ్చేది. కుళ్ళిన కోడిగుడ్ల వాసన మధ్య జ్ఞాపకశక్తి గురించి పాఠం విన్నందువల్లేమో, ఆ పాఠం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పాఠం చెప్పే సుగుణ మేడమ్ చదువు పూర్తి చేసిన ఏడాదే మా స్కూలుకి వచ్చారు. చాలా చిన్నావిడ. మా కంటే ఆవిడకే ఉత్సాహం ఎక్కువ. ఇప్పుడు ఆ గదిలో కంప్యూటర్లు పెట్టారని విన్నాను. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ గదిని నేనింతగా తలుచుకోవడానికి కారణం సైకాలజీ ఒక్కటే కాదు. మూడో బెంచీలో, కిటికీ పక్కన వంశీ కూర్చునేవాడు.

వంశీది హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక ఊరు. వాళ్ళకి చేపల చెరువులు. మా గ్రూపు ఉన్న స్కూలు అతనికి దగ్గర్లో ఇంకోటి లేక, రోజూ గంటకు పైగా బస్సులో వచ్చేవాడు. మొదటి పీరియడ్ సగంలో లోపలికొచ్చి, జుట్టు చేత్తో సర్దుకుని, ఎవర్నీ కదిలించకుండా వెళ్ళి కిటికీ పక్కన కూర్చునేవాడు. పుస్తకంలో బొమ్మ ఉన్న పేజీ వస్తే దాని మీద వేలు పెట్టి చాలాసేపు చూసేవాడు. అంతే. అంతకు మించి అతను చేసిన ఘనకార్యం ఏదీ లేదు. కానీ అతను రాని రోజున ఆ గది నాకు పూర్తిగా ఖాళీగా కనబడేది. మిగిలిన ఏడుగురు ఏమనుకున్నా సరే.

పన్నెండో తరగతిలో ప్రతి ఒక్కరం ఒక కేస్ ప్రొఫైల్ రాయాలి. అంటే ఒక మనిషిని ఎంచుకుని, మాట్లాడి, అతని కుటుంబం, అలవాట్లు, ఇబ్బందులు అన్నీ తెలుసుకుని ఒక ఫైలు తయారు చేయాలి. ఆ మనిషిని సబ్జెక్ట్ అంటారు.

"సబ్జెక్ట్ పేరు ఫైల్లో రాయకూడదు. మొదటి అక్షరం చాలు," అన్నారు సుగుణ మేడమ్. "వాళ్ళు మీకు చెప్పింది మీ దగ్గరే ఉండాలి. అమ్మకి కూడా చెప్పకూడదు. ఇది మార్కుల కోసం కాదు, మర్యాద కోసం చెప్తున్నాను."

నేను ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాను. మూడు వారాల్లో ఆ రెండు గీతలూ దాటాను.

ఎవరిని ఎంచుకోవాలన్న ప్రశ్న నాకు రానే లేదు. ఆ మధ్యాహ్నం మెట్ల దగ్గర వంశీని ఆపి, ఏం చెప్పినా ఎవరికీ చెప్పనని మాటిచ్చి అడిగాను. "నా మీదా?" అన్నాడు. చేతిలో లంచ్ బాక్సు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "సరే," అన్నాడు.

మొదటి రోజు లంచ్ అయ్యాక ఖాళీ క్లాసులో ఎదురెదురుగా కూర్చున్నాం. నేను కొత్త పెన్ను కొన్నాను. అమ్మ చున్నీల్లో బాగున్నది వేసుకొచ్చి గేటు దగ్గర తిట్లు కూడా తిన్నాను, యూనిఫాం మీద అది కుదరదని.

"ఇంట్లో ఏమన్నా ఇబ్బందులున్నాయా?"

"లేవు."

"చిన్నప్పుడు ఏదైనా భయం?"

కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "బాతులంటే ఉండేది. ఇప్పుడు లేదు."

"నాన్న కొడతారా?"

"లేదు. నాన్నకి టైముండదు."

పది ప్రశ్నలయ్యాక నా కాగితం మీద బాతు ఒక్కటే ఉంది. నాకు నీరసం వచ్చింది. "ఇలా అయితే కష్టం వంశీ. సమస్య లేకపోతే కేసే లేదు. ఏమీ అనుకోకు, నేను వేరేవాళ్ళని చూసుకుంటాను," అని పెన్ను మూత పెట్టాను.

అతను నా పెన్ను వంక చూశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. మళ్ళీ నా వంక చూశాడు.

"ఉండు," అన్నాడు మెల్లగా. "మా అమ్మ లేదు."

పెట్టిన మూత మళ్ళీ తీశాను. "లేదంటే?"

"పోయింది. చిన్నప్పుడే."

నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అతను కంగారుపడి జేబురుమాలు తీసిచ్చాడు. సబ్జెక్టు ఏడవాలి గానీ రాసేవాళ్ళు ఏడవకూడదని నాకు తెలుసు. అయినా ఆ రుమాలు తీసుకున్నాను. ఉతికిస్తానని చెప్పి ఇంటికి తీసుకెళ్ళాను. ఇవ్వలేదు.

రెండో రోజు నాకొక సందేహం వచ్చింది. వంశీ లంచ్ బాక్సులో రోజూ రాజభోగం ఉండేది. బొమ్మిడాయిల పులుసు, గోంగూర రొయ్యలు, అంచుకి వడియాలు. తల్లి లేని పిల్లాడి బాక్సులా ఉండేది కాదు.

"మరి వంటెవరు చేస్తారు?"

వంశీ బాక్సు మూత నెమ్మదిగా దగ్గరికి లాగాడు. "పిన్ని."

"పిన్నంటే?"

"నాన్న... మళ్ళీ చేసుకున్నాడు."

"బాగా చూసుకుంటుందా?"

అతను నా మొహంలోకి చూశాడు. అక్కడ ఏ జవాబు కోసం ఎదురుచూపు కనబడిందో ఇప్పుడైతే నేను చెప్పగలను. "అంతగా కాదు," అన్నాడు.

"మరి ఈ పులుసు?"

"ఇది నిన్నటిది."

నేను గబగబా రాసుకున్నాను. 'సబ్జెక్టుకు ఇంట్లో నిన్నటి కూరే పెడతారు.' చేపల పులుసు మర్నాటికే రుచి ఎక్కువని కృష్ణా జిల్లాలో పాలు మరిచిన ప్రతి పిల్లకీ తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ సమయంలో నాకు నా రుచుల కంటే నా థియరీ ముఖ్యమైపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. అమ్మ వదల్లేదు. "ఏంటే, ఒంట్లో బాలేదా?"

"చెప్పకూడదమ్మా. సబ్జెక్ట్ విషయం."

"ఏ సబ్జెక్టు? ఫెయిలయ్యావా?"

ఆ అపవాదు భరించలేక చెప్పాను. పేరు మాత్రం చెప్పలేదు. "వీ అనే ఒక స్టూడెంట్," అని గుట్టుగా మొదలుపెట్టాను.

"వంశీయేగా," అంది అమ్మ. "రోజూ చెప్తుంటావుగా, కిటికీ పక్కన కూర్చుంటాడని. అయ్యో, ఆ పిల్లాడికి తల్లి లేదా?"

మర్నాటి నుంచి నా బ్యాగులో రెండు బాక్సులు. మా అమ్మది మామూలు చెయ్యి కాదు. జీడిపప్పు లేకుండా ఉప్మా కూడా చేయదు. వంశీ మొదటి రోజు వద్దన్నాడు. "మొహమాటపడకు, నాకంతా తెలుసు," అన్నాను, డాక్టరమ్మలా. ఇంటి నుంచి తెచ్చింది పారేయలేక, మా అమ్మ పంపింది కాదనలేక, అతను నా ముందే రెండు బాక్సులూ తిని, మధ్యాహ్నం పీరియడ్లో కళ్ళు తేలేసి కూర్చునేవాడు. నేను ఫైల్లో రాశాను. 'ఆకలి అసాధారణంగా ఎక్కువ. ప్రేమ లోటును తిండితో పూడ్చుకుంటున్నాడు. తిన్నాక తీవ్రమైన నిస్సత్తువ.'

నవ్వుకుంటున్నారు కదూ. నేనూ నవ్వుకుంటాను. కానీ ఆ రెండు వారాలూ నా జీవితంలో మళ్ళీ రాలేదు. లంచ్ బెల్లు మోగగానే అందరూ కిందికి పరిగెత్తేవాళ్ళు. మేమిద్దరం ఆ చిన్న గదిలో ఉండిపోయేవాళ్ళం. అతను అబద్ధాలు చెబుతూ మధ్యలో మర్చిపోయి నిజాలు చెప్పేవాడు. తెల్లవారుజామున చెరువు మీద పొగమంచు ఎలా ఉంటుందో, మేత చల్లుతుంటే నీళ్ళు ఎలా ఉడుకుతున్నట్టు కదులుతాయో, వాన పడే ముందు చేపలు పైకొచ్చి నోళ్ళు ఎలా తెరుస్తాయో. వాటిని నేను రాసుకోలేదు. కేసుకి పనికిరావనుకున్నాను. ఇప్పుడు ఆ ఫైలంతా పోయినా నాకు బాధలేదు. రాసుకోని ఆ మాటల కోసం మాత్రం వెతుక్కుంటుంటాను.

చివరి రోజు, ఇచ్చిన ప్రశ్నల్లో ఒకటి మిగిలిపోయింది.

"భవిష్యత్తు గురించి ఏమైనా భయముందా?"

అప్పటికి అతనికి అలవాటైపోయింది. "చదువు మాన్పించేస్తారేమో. పిన్ని చెరువుల కాపలాకి పంపిస్తానంటోంది. పరీక్షల దాకా కూడా ఆగేలా లేదు."

ఇంకో వారంలో ప్రాక్టికల్స్. ఆ తర్వాత బోర్డు పరీక్షలు. ఇక గోప్యత అంటూ కూర్చుంటే ఒక ప్రాణి జీవితం చెరువు పాలవుతుందని తీర్మానించుకుని సుగుణ మేడమ్ దగ్గరికి పరిగెత్తాను.

ఆవిడ నేను చెప్పింది వింటూ వింటూ కుర్చీ అంచుకి వచ్చేశారు. "పేరు చెప్పొద్దు," అన్నారు మొదట. నేను చెప్పలేదు. హనుమాన్ జంక్షన్, చేపల చెరువులు అని మాత్రం అన్నాను. తొమ్మిది మందిలో అక్కడి నుంచి వచ్చేది ఒక్కడే.

"పిల్లాడి చదువు విషయం. ఇంటికెళ్ళి నెమ్మదిగా మాట్లాడదాం," అన్నారు మేడమ్. ఆవిడకీ అదే మొదటి అసలైన కేసు. ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కుందామన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

ఆదివారం ఉదయం మా అమ్మ కారు తీసింది. మేడమ్ ముందు సీట్లో, నేను వెనకాల, నా పక్కన నాలుగు గిన్నెల క్యారేజీ. "ఇల్లు దూరమని చెప్పి ఊరికే ఉండలేం కదండీ," అంది అమ్మ. గన్నవరం దాటే దాకా మేడమ్ ఆవిడకి శిక్షణ ఇచ్చారు. "మనం ఎవర్నీ నిందించకూడదండీ. ఆవిడ వైపు నుంచీ వినాలి." అమ్మ అన్నిటికీ తలూపింది. హనుమాన్ జంక్షన్ దగ్గర లోపలి రోడ్డుకి తిరిగాక, "కానీ నిన్నటి కూరేంటండీ, ఎదిగే పిల్లాడికి," అంది. శిక్షణ వృథా అయిందని నాకు అప్పుడే తెలియాల్సింది.

మేం వెళ్ళేసరికి ఆ ఇంటి ముందు పెద్ద హడావిడి. ఆ రోజు చెరువులో చేపలు పడుతున్నారు. లారీ ఒకటి, ఐసు దిమ్మెలు, ప్లాస్టిక్ ట్రేల గుట్టలు. మధ్యలో తలకి తువ్వాలు చుట్టుకుని ఒకావిడ, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, "ఐసు తొమ్మిదింటికన్నావు, ఇప్పుడెంతయింది? చేప నీకోసం ఆగుద్దా?" అని ఎవరినో కడిగేస్తోంది.

"ఈవిడే పిన్ని," అంది అమ్మ నా చెవిలో. "ఆ గొంతు చూడు."

ఆవిడ మమ్మల్ని చూసి ఫోను పెట్టేసింది. గొంతు ఒక్కసారి మెత్తబడింది. "రండి, రండి. ఎవరు కావాలండీ?"

"మేం వంశీ స్కూలు నుంచి వచ్చామండీ," అన్నారు మేడమ్.

"అయ్యో, లోపలికి రండి. కాళ్ళ దగ్గర చూసుకోండి, తడిగా ఉంది." వరండాలో కుర్చీలు తనే తుడిచి వేసింది. కాఫీలు తెచ్చిచ్చింది. అమ్మ కాఫీని అనుమానంగా చూసి, వాసన తగిలాక తాగింది. "వాడేమన్నా గొడవ చేశాడా మేడమ్?"

"లేదండీ, చాలా మంచి అబ్బాయి," అన్నారు మేడమ్. "ఇంత దుఃఖంలో పెరిగి కూడా అంత నెమ్మదిగా ఉండటం గొప్ప విషయం."

"దుఃఖమా?" అందావిడ.

మా అమ్మ ఇక ఆగలేకపోయింది. కుర్చీ ముందుకి జరుపుకుంది. "మనసులో పెట్టుకోకండి. అక్కయ్యగారు పోయి ఎన్నాళ్ళయిందండీ?"

"ఏ అక్కయ్యగారు?"

"అదే, వంశీ వాళ్ళమ్మగారు."

ఆవిడ మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. "వంశీ వాళ్ళమ్మ ఎక్కడికి పోయిందండీ?"

"కాలం చేశారు కదా," అన్నారు మేడమ్, సాధ్యమైనంత మృదువుగా.

"ఎప్పుడు?"

"అది మీకే తెలియాలండీ."

"నాకు తెలియకుండానే పోయినట్టున్నానమ్మా," అందావిడ.

దూరంగా చెరువు దగ్గర ఎవరో వల లాగుతూ కేకలు వేస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఇంటి పక్క నుంచి మోకాళ్ళ దాకా బురదతో, భుజం మీద ఖాళీ ట్రేతో వంశీ వచ్చాడు. మమ్మల్ని చూశాడు. ట్రే కిందికి దించలేదు. అలాగే నిలబడిపోయాడు.

"ఒరేయ్ వంశీ," అంది వాళ్ళమ్మ, ఎంతో మామూలుగా. "నేను పోయానంట. నీకేమన్నా తెలుసా?"

అతని మొహం ఎర్రబడింది, పాలిపోయింది, మళ్ళీ ఎర్రబడింది. మా పుస్తకంలో ఉద్వేగాల పాఠమంతా ఒక్క నిమిషంలో అక్కడ జరిగిపోయింది. అంత జరుగుతున్నా మా అమ్మకి ఇంకా వెలగలేదు. ఆ 'పిన్ని' తప్పించుకుంటోందనే అనుకుంది.

"మీరేమైనా అనండి, చదువుకునే పిల్లాడికి రోజూ నిన్నటి కూర కట్టివ్వడం న్యాయం కాదండీ. అందుకే నేను రెండు వారాల్నించీ..." అంటూ క్యారేజీ ముందుకి తోసింది.

వంశీ వాళ్ళమ్మ లేచి నిలబడింది. తువ్వాలు విప్పి భుజాన వేసుకుంది. "ఏమన్నారు?"

"నిన్నటి కూర," అంది అమ్మ, ఈసారి కాస్త తగ్గి.

"చూడండమ్మా. నేను పోయానన్నారు, సరే, ఊరుకున్నాను. నా ఇంట్లో నా మొగుడికి రెండో పెళ్ళి చేశారు, దానికీ ఊరుకుంటాను. కానీ నేను నా కొడుక్కి నిన్నటి కూర పెట్టానంటారా? నాలుగింటికి లేచి పొయ్యి వెలిగిస్తాను నేను. ఏడింటి బస్‌కి వేడిగా కట్టిస్తాను. రండి. ముగ్గురూ లోపలికి రండి."

మేం చెరువులోంచి అప్పుడే తీసిన చేపతో భోజనం చేసేదాకా ఆవిడ మమ్మల్ని కదలనివ్వలేదు. అది భోజనం కాదు, విచారణ. ప్రతి ముద్దకీ, "ఇది నిన్నటిదా చెప్పండి," అని అడిగింది. మూడో ముద్దకి మా అమ్మ ఓడిపోయి, పులుసులో మెంతిపొడి ఎప్పుడు వేస్తారని అడిగింది. సుగుణ మేడమ్ తల ఎత్తలేదు. ముళ్ళు ఏరుతూ పదే పదే, "సారీ అండీ," అన్నారు. ఆవిడ చివరికి నవ్వింది. మేడమ్‌తో, అమ్మతో నవ్వింది. నన్ను మాత్రం ఊరికే చూసింది, చాలాసేపు.

వంశీ మాతో తినలేదు. మేం బయల్దేరుతుంటే ఐసు వేసిన చేపల సంచీ తెచ్చి డిక్కీలో పెట్టాడు. నేను పక్కనే నిలబడ్డాను. అతను డిక్కీ మూస్తూ, నా వైపు చూడకుండా ఒక్క మాట అన్నాడు.

"ఎవరికీ చెప్పనన్నావుగా."

విజయవాడ దాకా కారు నిండా చేపల వాసన. అమ్మ నన్ను తిడుతూనే ఉంది. నాకు ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ వినబడలేదు.

సోమవారం నుంచి వంశీ మొదటి బెంచీకి మారాడు. నాకు వీపు మాత్రం కనబడేలా. నా ఫైలు చించేసి, మిగిలిన నాలుగు రోజుల్లో మా నాన్న మీద కొత్త కేస్ ప్రొఫైల్ రాశాను. నాన్నకి సమస్యలేవీ లేవు. చిన్నప్పటి బాతు కూడా లేదు. మంచి మార్కులే వచ్చాయి. సమస్య లేని మనిషి గురించి కూడా రాయొచ్చని తెలిసింది.

ప్రాక్టికల్స్ అయిపోయిన రోజు సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర బస్‌స్టాపులో వంశీ ఒక్కడే ఉన్నాడు. మా ఆటో ఆ పక్కనుంచే వెళ్తుంటే దిగిపోయాను. దిగాక ఏం మాట్లాడాలో తెలియలేదు.

"సారీ," అన్నాను.

"పర్లేదు. అమ్మ ఇప్పుడు రోజూ నవ్వుతుంది. బాక్సు ఇచ్చేటప్పుడు, నిన్నటిదిరా అంటుంది."

"ఎందుకు చెప్పావు అన్ని అబద్ధాలు?"

అతను రోడ్డు వైపు చూశాడు. "వేరేవాళ్ళని చూసుకుంటానన్నావుగా."

బస్సు వచ్చింది. ఎక్కేశాడు. పాపం, నా మార్కుల కోసం ఎంత తాపత్రయపడ్డాడో అనుకుంటూ నేను ఇంటికెళ్ళాను. ఆ వాక్యానికి అసలు అర్థం రెండేళ్ళ తర్వాత, వైజాగ్‌లో హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేస్తుండగా తట్టింది. అప్పటికి నేను సైకాలజీ డిగ్రీలో ఉన్నాను. క్లాసులో ఫస్టు కూడా. తడి దుప్పటి చేత్తో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

వెతకలేదా అంటే వెతికాను. స్కూల్లో ఉన్నప్పుడు అతనికి ఫోను లేదు. ఇంటి నంబరంటే వాళ్ళమ్మ నంబరే. దానికి ఫోన్ చేసే మొహం నాకెక్కడిది. అతను చేపల పెంపకం మీద ఏదో కోర్సులో చేరాడని మాత్రం తెలిసింది. ఫేస్‌బుక్‌లో ఆ పేరు కొడితే వందల మంది వచ్చారు. అందులో సగం మంది మొహానికి బదులు సినిమా హీరోని పెట్టుకున్నారు.

ఏడేళ్ళు గడిచాయి. ఇప్పుడు నేను ఒక స్కూల్లో కౌన్సెలర్‌ని. పని మీద నెలకోసారి ఏలూరు వెళ్తాను. బస్సు హనుమాన్ జంక్షన్‌లో ఆగిన ప్రతిసారీ కిటికీలోంచి చూస్తాను. ఎవరి కోసం అని అడక్కండి. పోయిన నెల అలాగే చూస్తుంటే, పళ్ళ బండి దగ్గర బత్తాయిలు ఏరుకుంటూ ఆవిడే. ఆలోచించకుండా దిగేశాను. దిగాక, మామూలుగానే, ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఆవిడే గుర్తుపట్టింది. "ప్రత్యూషవి కదూ. బాగున్నావా అమ్మా? మేడమ్ బాగున్నారా?"

"బాగున్నారండీ." కాసేపు బత్తాయిల ధర గురించి, ఎండల గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నా నోరు నా మాట వినలేదు. "వంశీ ఎలా ఉన్నాడండీ?"

"వాడికేం. పెళ్ళయింది. కవల పిల్లలు. ఒక్క క్షణం తీరిక లేదు."

"చాలా సంతోషమండీ," అన్నాను. ఆ రెండు ముక్కలు పలకడానికి ఎంత బలం కావాలో మీకు తెలియదు. కండక్టర్ పిలుస్తున్నాడు. వెళ్ళొస్తానని చెప్పి బస్సెక్కి, కిటికీ దగ్గర కూర్చుని, బ్యాగులో లేని వస్తువు కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చింది. కడ్డీల మీద చెయ్యి వేసింది.

"ఏమ్మా, ఇంత చదివావు. ఇంకా ఎవరేం చెబితే అది నమ్మేస్తావా?"

"అంటే?"

"పెళ్ళీ లేదు, కవలలూ లేరు. భీమవరం దగ్గర రొయ్య పిల్లల హేచరీలో చేస్తున్నాడు. నీ మొహం ఎలా మారుద్దో చూద్దామని అన్నాను." ఆవిడ బత్తాయిల సంచీ చెయ్యి మార్చుకుంది. "చూశాను."

బస్సు కదిలింది. ఆవిడ పక్కనే నడుస్తూ వంశీ నంబరు గట్టిగా చెప్పింది. నేను చేతి మీద రాసుకున్నాను. తొమ్మిది అంకెలు వినబడ్డాయి. పదోది వెనక లారీ హారన్‌లో కలిసిపోయింది.

కాబట్టి పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఎవరి గురించి ఎవరేం చెప్పినా స్వయంగా విచారించకుండా నమ్మను. నన్ను నమ్మి చెప్పిన మాట మూడో మనిషికి చెప్పను. ఇదంతా మీకు చెప్పేశాక రెండో దానికి ఎంత విలువుందో నాకు తెలియదు. మొదటిది మాత్రం నిష్ఠగా అమలు చేస్తున్నాను. చివరి అంకె సున్నా పెడితే ఒక టైర్ల షాపు. ఒకటి పెడితే ఎవరో పంతులుగారు. రెండు పనిచేయడం లేదు. మూడు పెడితే ఒక పెద్దావిడ ఎత్తి, నన్ను వాళ్ళ మనవరాలనుకుని పావుగంట మాట్లాడింది. పెట్టేయడానికి మనసొప్పలేదు.

రేపు నాలుగు పెట్టి చూస్తాను.